షష్టిపూర్తి గ్రూపు ఫోటోలో చివరి ఇద్దరూ కోతకు పోయారు: ఫోటో మొత్తం పేపరు మీద పట్టాలంటే ఏం చేయాలి?

పెరంబూరు కోడలు

అందరికీ నమస్కారం. మాది గూడూరు. పెళ్ళయి చెన్నై వచ్చి పదకొండేళ్ళయింది, ఉండేది పెరంబూరులో. ఫోటోల సంగతి నాకు పెద్దగా తెలియదు కాబట్టి ప్రశ్న కాస్త పొడుగ్గా ఉంటుంది, ఓపిక పట్టండి.

పోయిన నెల మా మామగారి షష్టిపూర్తి తిరుక్కడయూరులో చేశాం. యముడి బారి నుంచి మార్కండేయుడు బయటపడిన చోటని అరవైకీ ఎనభైకీ అందరూ అక్కడికే వెళ్తారు కదా. పూజంతా అయ్యాక గోపురం ముందు పద్నాలుగు మందిమి ఒకే వరసలో నిలబడ్డాం. మా మరిది తన ఫోన్‌తో తీశాడు. మామగారికి ఆ ఫోటో ఎంత నచ్చిందంటే, వచ్చినవాళ్ళందరికీ తలో కాపీ పంపాల్సిందే అన్నారు. ఆ పని నేనే నెత్తిన వేసుకున్నా.

మరిది వాట్సాప్‌లో పెట్టిన ఫోటోనే ఇంటి దగ్గర ల్యాబ్‌కి పంపి 4×6లో 20 కాపీలు చెప్పా. సాయంత్రానికి కవర్లో పెట్టి ఇచ్చాడు. పైన ఒకటి చూశా, రంగులు బాగానే ఉన్నాయి, అలాగే కొరియర్‌కి ఇచ్చేశా. చివర్లు చూడలేదు.

మూడో రోజు నెల్లూరు నుంచి మా పెద్దత్తగారి ఫోన్. అంటే మా అత్తగారి అక్క. "ఏమ్మా, పినాకిని రైలెక్కి చెన్నై వచ్చి, అక్కణ్ణుంచి మీతో అంత దూరం వస్తే, నాకు సగం మొహమే ఇచ్చారా?" అన్నారు. పరుగెత్తి మిగిలిన కాపీ తీసి చూద్దును కదా, ఎడమ చివర ఆవిడకి ఒక చెవి, ఒక కన్ను, ఒక భుజం లేవు. కుడి చివర మా తోడికోడలి కొడుకు, ఆరేళ్ళవాడు, అసలు లేనే లేడు. వాడి చెయ్యి మాత్రం వాళ్ళమ్మ చేతిలో ఉంది. చూస్తే భయం వేసేలా ఉంది.

ల్యాబ్‌కి వెళ్ళి అడిగితే, "ఫోటో పొడుగు మేడమ్, పేపర్ ఇంతే. కొంచెం అడ్జస్ట్ పణ్ణుంగ" అన్నాడు. పెద్దత్తగారు అడ్జస్ట్ అయ్యే మనిషి కాదని అతనికి ఎలా చెప్పేది?

సరే, ఇంట్లోనే వేద్దామని మా ఆయన ఇంక్ ట్యాంక్ ప్రింటర్ ముందు కూర్చున్నారు. అందులోనూ అంతే, చివర్లు పోయాయి. దాంతో ఆయన ఫోటోని వర్డ్‌లో పెట్టి, కింద అంచు పట్టుకుని లాగి పేపరంతా నింపారు. ఈసారి అందరూ ఉన్నారు, కానీ అగరొత్తుల్లా సన్నగా, పొడుగ్గా అయిపోయారు. మా అత్తగారికి అది బాగా నచ్చింది, "ఇదే ఉంచండి" అన్నారు. అది వేరే సంగతి.

ఇప్పుడు నా ప్రశ్న. ఎవరూ కోతకు పోకుండా, ఎవరూ సాగకుండా, ఫోటో మొత్తం పేపరు మీదకి రావాలంటే ఏం చేయాలి? ఇంకో మాట. మామగారి గదిలో పెట్టడానికి 8×10 ఫ్రేము కొనేశాం. ఫోటో ఇంకా వేయించలేదు, ఈ గొడవ చూశాక చెయ్యి ఆడటం లేదు.

చూళైమేడు బ్యాచిలర్

అక్కా, ప్రింట్ కొట్టేటప్పుడు "ఫిట్" అని ఒక ఆప్షన్ ఉంటుంది, దానికి టిక్కు పెట్టండి. పేపర్‌కి తగ్గట్టు అదే సర్దుకుంటుంది. దీనికి ఇంత టెన్షన్ ఎందుకు?

పెరంబూరు కోడలు

తమ్ముడూ, ఆ టిక్కు ముందు నుంచీ ఉంది. "ఫిట్ పిక్చర్ టు ఫ్రేమ్" అనే కదా? అది ఉండగానే పెద్దత్తగారు పోయారు. (ఆవిడ క్షేమంగానే ఉన్నారు, ఫోటోలో అని నా భావం.)

పాత నెగటివ్

అమ్మా, ముందు రెండు విషయాలు చెప్పు. మీ మరిది ఫోన్‌లో అసలు ఫోటో ఎన్ని పిక్సెళ్ళు (ఫోటోలోని చుక్కలు) ఉంది? ల్యాబ్‌కి నువ్వు పంపినది ఎన్ని పిక్సెళ్ళు? ఫోటో తెరిచి వివరాలు నొక్కితే రెండు అంకెలు కనిపిస్తాయి, మధ్యలో గుణకారం గుర్తుతో. ఆ అంకెలు చూడకుండా ఎవరు ఏ సలహా ఇచ్చినా అది చీకట్లో బాణమే.

పెరంబూరు కోడలు

అడిగి తెలుసుకున్నానండీ. మరిది ఫోన్‌లో 4000×2250. నా దగ్గరున్న వాట్సాప్ కాపీ 1600×900. రెండూ చూడ్డానికి ఒకేలా ఉన్నాయి మరి.

పాత నెగటివ్

ఒకేలా ఎందుకున్నాయంటే రెండిటి ఆకారం ఒకటే, పొడవు 16 పాళ్ళయితే ఎత్తు 9 పాళ్ళు. టీవీ ఆకారం అది. నీ కష్టమంతా అక్కడే ఉంది. నేను వెంకటగిరిలో చాలా ఏళ్ళు స్టూడియో నడిపి, ఇప్పుడు తాంబరంలో కొడుకు దగ్గర ఉంటున్నాను. చేతికి పని లేదు, నోటికి పని దొరికింది, కాబట్టి నా జవాబూ పొడుగే.

4×6 పేపరు అంటే పొడవు 3 పాళ్ళు, ఎత్తు 2 పాళ్ళు. ఈ సైజు ఊరికే రాలేదు. 35 మిల్లీమీటర్ల ఫిల్ములో ఒక్కో ఫ్రేము 36 మిల్లీమీటర్ల పొడవు, 24 ఎత్తు. 3కి 2 అన్నమాట. అందుకే రీలు కడిగి మ్యాక్సీ సైజు వేస్తే నెగటివ్‌లో ఉన్నది ఉన్నట్టు దిగేది. అప్పట్లో తలకాయ పోయిందంటే తీసినవాడి తప్పే, ప్రింటు తప్పు కాదు. తర్వాత డిజిటల్ వచ్చింది. చిన్న కెమెరాలు, ఫోన్లు పాత కంప్యూటర్ తెర ఆకారం పట్టుకున్నాయి, 4కి 3. ఇక ఫోన్ తెర నిండా కనిపిస్తుందని కొందరు కెమెరాని 16:9లో పెట్టుకుంటారు. మీ మరిది చేసింది అదే.

ఇప్పుడు లెక్క చూడు. ల్యాబ్ మిషను పేపరులో తెల్ల ఖాళీ వదలకుండా నింపడానికే చూస్తుంది. మీ ఫోటో ఎత్తు 2250. ఆ ఎత్తు పేపరు ఎత్తుకి సరిపోతే పొడవులో 3375 పిక్సెళ్ళే పడతాయి. మిగిలిన 625 అటు సగం ఇటు సగం కత్తెరకి పోతాయి. పద్నాలుగు మంది 4000 పిక్సెళ్ళలో నిలబడ్డారంటే మనిషికి 285 చొప్పున. అంటే ఒక్కో వైపు ఒక్కో మనిషి. మీ పెద్దత్తగారి పక్కన కాస్త ఖాళీ ఉండుంటుంది, అందుకే ఆవిడకి సగమైనా మిగిలింది. పిల్లవాడు అంచుకి ఆనుకుని ఉండుంటాడు.

ల్యాబ్‌వాణ్ణి తిట్టకు. రోజుకి వందల ఫోటోలు వస్తుంటే ఒక్కొక్కటీ తెరిచి ఎవరి అత్తగారు ఏ చివరున్నారో చూడడు. మనం చెప్పి ఉండాల్సింది. కానీ నీకూ తెలియదు కదా.

మీ ఆయన చేసినది మాత్రం ఇంకెప్పుడూ చేయొద్దను. 16:9 ఫోటోని 4×6కి లాగితే ఎత్తు దాదాపు అయిదో వంతు పెరుగుతుంది, అందుకే సన్నబడ్డారు. అదే 4:3 ఫోటో అయితే అడ్డంగా లాగాలి, అప్పుడు అందరూ లావెక్కుతారు. మీ అత్తగారు అప్పుడు ఏమంటారో చూడాలి.

లాగకూడదు అనుకుంటే ఇక మిగిలినవి రెండే దారులు. అంచులు కోయడం, లేదా తెల్ల ఖాళీ వదలడం. మూడోది లేదమ్మా. ఏ మిషనూ ఏ యాప్ ఈ రెంటిలో ఒకటి చేయకుండా ఆకారం మార్చలేదు. గ్రూపు ఫోటో కాబట్టి మీకు కోత పనికిరాదు, తెల్ల ఖాళీయే గతి. 4×6 మీద మీ ఫోటో మొత్తం పెడితే పొడవు 6 అంగుళాలు, ఎత్తు 3.375 అంగుళాలు వస్తుంది. మిగిలిన 0.625 అంగుళం తెల్లగా ఉంటుంది. అది పైనా కిందా సగం సగం ఉంచనక్కర్లేదు. నేనైతే పైన సన్నగా గీతంత వదిలి మిగిలినదంతా కిందకి తోస్తాను. పాత స్టూడియో ఫోటోల్లో కింద పేరు, తేదీ రాయడానికి వదిలినట్టు.

దీన్ని ల్యాబ్‌కి వదిలిపెట్టకుండా ఇంట్లోనే చేసి ఇవ్వు. అదే అసలు కిటుకు. తెల్లటి కాన్వాసు (ఫోటో కింద పరిచే ఖాళీ బొమ్మ) ఒకటి పేపరు ఆకారంలోనే తయారు చేసి దాని మీద ఫోటో పెట్టాలి. మీ అసలు ఫోటోకి 4000×2667 కాన్వాసు సరిగ్గా 3కి 2. కంప్యూటర్‌లో గింప్ అనే ఫోటోలు దిద్దే సాఫ్ట్‌వేర్ ఉంటే అందులో "కాన్వాస్ సైజ్" అని ఉంటుంది, ఉచితంగా దొరికేదే. ఫోన్‌లో అయితే స్నాప్‌సీడ్ యాప్‌లో "ఎక్స్‌పాండ్", రంగు తెలుపు పెట్టు. ఇలా చేసిన ఫైలు మిషనులోకి వెళ్తే దానికి కోయడానికి ఏమీ మిగలదు. ఫైలూ పేపరూ ఒకే ఆకారం కదా.

ఒక్క జాగ్రత్త. ల్యాబ్ మిషను ఆకారం సరిపోయినా అంచుల్లో రెండు మూడు మిల్లీమీటర్లు తినేస్తుంది. తెల్ల అంచు ఏ మూలా రాకుండా బొమ్మని పేపరు కంటే కొంచెం పెద్దగా వేస్తుంది. కాబట్టి పక్కల కూడా తెలుపు కాస్త వదులు. మళ్ళీ పిల్లవాడి చెవి పోయిందని నా మీదకి రావద్దు.

8×10 ఫ్రేము సంగతి. ఆ ఫోటోని 8×10లో నింపమంటే పొడవులో 30 శాతం పోతుంది. అటు ఇద్దరు, ఇటు ఇద్దరు గల్లంతు. 8×10 అనేది పెద్ద షీటు ఫిల్ము కెమెరాల కాలం నాటి సైజు. 35 మిల్లీమీటర్ల ఫిల్ముకే అది సరిపోయేది కాదు, అందుకే 8×12 కూడా వేస్తారు. ఫ్రేము పారేయకు. ఫోటోని 9 అంగుళాల పొడవున వేయించు, ఎత్తు 5 అంగుళాల పైచిలుకు వస్తుంది. ఫ్రేము కట్టేవాడి దగ్గర లోపలికి మౌంటు బోర్డు (ఫోటో చుట్టూ వచ్చే మందపాటి అట్ట) కోయించు. పక్కల అర అంగుళం, పైనా కిందా ఒకటిన్నర అంగుళం మౌంటు. చూడ్డానికి దర్జాగా ఉంటుంది. అదీగాక, చెన్నైలో గాలి నిండా తేమ. గ్లాసీ ఫోటోని నేరుగా అద్దానికి ఆనిస్తే కొన్నాళ్ళకి అంటుకుపోతుంది, తీస్తే రంగు పొర అద్దంతోనే వస్తుంది. మౌంటు ఉంటే మధ్యలో సందు ఉంటుంది.

పెరంబూరు కోడలు

బాబాయ్ గారూ (అలా పిలవొచ్చా? మాది గూడూరు, మీది వెంకటగిరి, పక్క పక్క ఊళ్ళే కదా), లెక్కంతా కాగితం మీద వేసుకుని చూశా, సరిపోయింది. ఒక అనుమానం. నా దగ్గరున్న 1600×900తో వేయించనా, మరిది దగ్గర అసలుది తెప్పించనా? అతను కోయంబత్తూరులో ఉంటాడు. "పంపాను కదా వదినా, మళ్ళీ ఏంటి" అంటున్నాడు.

పాత నెగటివ్

బాబాయ్ అనే అనమ్మా.

4×6కి నీ దగ్గరున్నది నడుస్తుంది. 1600 పిక్సెళ్ళు 6 అంగుళాల మీద పరిస్తే అంగుళానికి 267 వస్తాయి. అంగుళానికి 300 ఉంటే దగ్గర నుంచి చూసినా నాణ్యంగా ఉంటుందని మా లెక్క, 200 దాకా ఫరవాలేదు. ఫ్రేములో పెట్టే 9 అంగుళాల ఫోటోకి వాట్సాప్ కాపీతో 178 వస్తాయి. దూరం నుంచి సరే, దగ్గరికెళితే పట్టుచీర అంచు ముద్దగా కనిపిస్తుంది. అసలు ఫైలుతో 444. ఇంకెందుకు అనుమానం, అసలుదే తెప్పించు. మామూలుగా ఫోటోగా పంపితే వాట్సాప్ మళ్ళీ కుదించేస్తుంది. "డాక్యుమెంట్" అని జతచేసి పంపమను, ఉన్నది ఉన్నట్టు వస్తుంది.

కొందరు ఫైలులో డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలు) అంకె 72 నుంచి 300కి మార్చి, నాణ్యత పెరిగిందనుకుంటారు. అది చీటీ మీద అంకె మార్చడమే, సంచిలో బియ్యం పెరగవు. పిక్సెళ్ళు ఎన్ని ఉన్నాయన్నదే లెక్క.

మీ మరిదికి ఇంకో మాట చెప్పు. ఫోన్ కెమెరా సెట్టింగులో 4:3 పెట్టుకోమను. లోపల బొమ్మని పట్టే సెన్సారు ఆకారమే 4:3. 16:9 పెడితే ఎక్కువ రాదు, పైనా కిందా కోసేసి ఇస్తుంది. గోపురం ముందు తీశారన్నావు, ఫోటోలో గోపురం పైభాగం ఉందా?

పెరంబూరు కోడలు

లేదు!! మామగారు అదే అడుగుతున్నారు మొదటి రోజు నుంచి, "గోపురం కలశాలు ఏవిరా" అని. మరిది "వెనక్కి వెళ్ళడానికి చోటు లేదు నాన్నా" అన్నాడు. సెట్టింగు మార్చి ఉంటే అదే చోటు నుంచి ఇంకాస్త పైకి వచ్చేదా? ఈ విషయం ఇంట్లో చెప్పాలా వద్దా ఆలోచిస్తున్నా.

మడిపాక్కం ఇంకు

నేను ఇంట్లో ప్రింటర్ మీద ఫోటోలు వేస్తుంటాను, ఆ వైపు నుంచి కొంచెం చెప్తాను. ల్యాబ్ సంగతి పెద్దాయన చెప్పేశారు.

ముందు ఆ టిక్కు గురించి. విండోస్‌లో ఫోటో మీద రైట్ క్లిక్ చేసి ప్రింట్ అంటే వచ్చే పాత కిటికీలో, కింద "ఫిట్ పిక్చర్ టు ఫ్రేమ్" దగ్గర ముందే టిక్కు ఉంటుంది. పేరు చూసి ఫోటో మొత్తం పట్టిస్తుందనుకుంటాం. అది చేసేది తిరకాసు పని. పేపరు ఫ్రేముని ఫోటోతో నింపుతుంది, మిగిలింది కోస్తుంది. ఆ టిక్కు తీసేస్తే ఫోటో మొత్తం వస్తుంది, మిగతా చోట తెల్లగా ఉంటుంది. వేరే యాప్‌లలో ఇదే సంగతి "ఫిల్" అంటే నింపడం, "ష్రింక్ టు ఫిట్" అంటే మొత్తం పట్టించడం అని ఉంటుంది. అందుకని పేరు నమ్మకుండా పక్కన ప్రివ్యూలో చివరి మనుషుల్ని చూడండి. నేను చూసేది అదొక్కటే, మనుషుల్ని లెక్కపెట్టడం.

రెండోది, పేపరు సైజు. ట్రేలో 4×6 పెట్టి, సెట్టింగులో ఏ4 వదిలేస్తారు చాలామంది. అప్పుడు ప్రింటర్ తన ముందు ఏ4 ఉందనుకుని వేస్తుంది, ఫోటోలో ఒక మూల మాత్రం మీ చిన్న పేపరు మీద పడుతుంది, మిగతా ఇంకు రోలర్ల మీద. నాకు అయింది కాబట్టి చెప్తున్నా, రోలరు తుడవడానికి ఒక ఆదివారం పోయింది. ప్యాకెట్ మీద 4ఆర్ అని ఉన్నా, 10×15 సెంటీమీటర్లు అని ఉన్నా అది 4×6 అనే అర్థం.

బోర్డర్‌లెస్ (అంచు వదలకుండా వేయడం) అనేది నొక్కితే ఇంటి ప్రింటర్ కూడా ల్యాబ్ మిషనులాగే ఫోటోని కొంచెం పెంచి అంచులు దాటించి వేస్తుంది. మీ విషయంలో ఎలాగూ తెల్ల ఖాళీ ఉంది కాబట్టి బోర్డర్‌లెస్ తీసేయండి, పక్కల మూడు మిల్లీమీటర్ల తెలుపు వస్తుంది, నష్టం లేదు. పేపర్ టైపు దగ్గర గ్లాసీ ఎంచుకోవాలి. ప్లెయిన్ అని వదిలేస్తే ఫోటో పేపరు మీద ఇంకు ఆరకుండా చెదురుతుంది. వెనక నుంచి పేపరు పెట్టే ప్రింటర్ అయితే మెరిసే వైపు మీ మొహం వైపు, ముందు నుంచి ట్రే లాగే ప్రింటర్ అయితే చాలావాటిలో మెరిసే వైపు కిందకి.

డబ్బు మిగులుతుందని ఏ4 గ్లాసీ కొని నాలుగు ఫోటోలు వేసి కోద్దామనుకోకండి. నేను పారీస్ కార్నర్‌లో అండర్సన్ స్ట్రీట్‌కి వెళ్ళి ఏ4 గ్లాసీ వంద షీట్లు తెచ్చుకుని ఆ తెలివి చూపించాను. ఏ4 పొడవు 297 మిల్లీమీటర్లు. రెండు 4×6లు నిలువుగా పెడితే 305. ఎనిమిది మిల్లీమీటర్లలో దెబ్బ కొట్టింది. 5×7లయితే రెండు హాయిగా పడతాయి. పాస్‌పోర్ట్ ఫోటోలకి మాత్రం 4×6 షీటు బాగా కుదురుతుంది, 35×45 మిల్లీమీటర్లవి ఎనిమిది వస్తాయి.

వేళచ్చేరి గోదారోడు

తెల్ల ఖాళీ ఏం బాగుంటుందండీ, ప్రింటర్ పాడై ఆగిపోయినట్టు ఉంటుంది. నేనైతే వెనకాల అదే ఫోటో పెద్దది చేసి మసగ్గా పెడతాను, ముందు అసలు ఫోటో. టీవీలో నిలువు వీడియో వేసేటప్పుడు పక్కల చూపిస్తారే, అలా. పేపరంతా నిండుతుంది, ఎవరూ పోరు. లేకపోతే ఇప్పుడు ఏఐతో పైనా కిందా పెంచే యాప్‌లు ఉన్నాయి, కావాలంటే గోపురం కలశాలు కూడా అదే గీసేస్తుంది. మామగారూ హ్యాపీ.

పాత నెగటివ్

మసక వెనకాల పెట్టడం తప్పు కాదు, ఇష్టమైతే చేసుకోవచ్చు. పెళ్ళి ఆల్బములలో అందరూ అదే చేస్తున్నారు. నాకు మాత్రం చూస్తుంటే కళ్ళజోడు తుడుచుకోవాలనిపిస్తుంది.

గోపురం గీయించడం మాత్రం వద్దు నాయనా. అక్కడ ఎన్ని కలశాలున్నాయో ఆ యాప్‌కేం తెలుసు? రేపు మామగారు లెక్కపెడతారు. పూజ చేయించుకున్న మనిషికి గుర్తుండదా?

చూళైమేడు బ్యాచిలర్

ఇందాక తెలియకుండా చెప్పాను అక్కా, సారీ. ఇప్పుడే నా పాత ప్రింట్లు తీసి చూశా. కాలేజీ ఫేర్‌వెల్ ఫోటోలో చివర ఉన్నది ఎవరో ఇన్నాళ్ళూ తెలియలేదు, సగం చొక్కా మాత్రమే ఉంది. అది నేనే.

పెరంబూరు కోడలు

వారం తర్వాత వస్తున్నా, ఏం జరిగిందో చెప్పకపోతే బాగుండదు కదా.

మరిది అసలు ఫైలు డాక్యుమెంట్‌గా పంపాడు, రెండుసార్లు బతిమాలాక. గింప్ నాకు లొంగలేదు. ఫోన్‌లో స్నాప్‌సీడ్‌తో తెలుపు పెంచా. ముందు రంగు తెలుపు పెట్టడం మరిచిపోయా, అదేదో తనంతట తానే నింపి, మా కాళ్ళ కింద ఇంకో వరస కాళ్ళు పుట్టించింది. దాన్ని చూసి పిల్లలు అరగంట నవ్వారు. రెండోసారి సరిగ్గా వచ్చింది. పైన సన్నగా, కింద వెడల్పుగా తెలుపు, బాబాయ్ చెప్పినట్టే. కింద తెలుపులో "తిరుక్కడయూరు" అని, తేదీ వేశా. పెద్ద అక్షరాలు పెడితే పెళ్ళి కార్డులా ఉంది, తగ్గించా.

ల్యాబ్‌లో అదే అబ్బాయి. ఫైలు తెరిచి చూసి, "ఇది కరెక్ట్ సైజ్ మేడమ్, యారు పణ్ణాంగ?" అన్నాడు. నేనే అన్నా. ముందు ఒక్కటే వేయించి, కౌంటర్ దగ్గరే నిలబడి మనుషుల్ని లెక్కపెట్టా. పద్నాలుగు. పిల్లవాడి చెప్పులతో సహా ఉన్నాడు. అప్పుడు మిగతావి వేయమన్నా. ఫ్రేముకి 9 అంగుళాలది వేరేగా వేయించి లేత గంధం రంగు మౌంటు కోయించాం. ఫ్రేము అతను తెల్ల మౌంటే బాగుంటుందన్నాడు, మామగారు ఒప్పుకోలేదు.

కలశాల విషయం ఇంట్లో చెప్పేశాను. మరిది నాతో రెండు రోజులు మాట్లాడలేదు. ఇప్పుడు ఫోన్ 4:3లో పెట్టుకున్నాడట.

కొత్త కాపీ నెల్లూరుకి పంపా. నిన్న పెద్దత్తగారి ఫోన్. "మొహం పూర్తిగా వచ్చింది తల్లీ. కానీ నేను కళ్ళు మూసుకుని ఉన్నానే" అన్నారు. పాత కాపీలో ఆ కన్ను లేదు, ఉన్న కన్ను నీడలో ఉంది, ఎవరికీ తెలియలేదు.

పాత నెగటివ్

గ్రూపు ఫోటో ఎవడూ ఒక్కటే తీయడమ్మా. మీ మరిది అదే చోట ఇంకో రెండు మూడు నొక్కి ఉంటాడు. చూడమను.

పెరంబూరు కోడలు

చూశాం బాబాయ్. ఇంకో రెండున్నాయి. ఒకదాంట్లో పెద్దత్తగారు చక్కగా కళ్ళు తెరిచారు, మామగారు మూసుకున్నారు. రెండోదాంట్లో అందరూ తెరిచారు, పిల్లవాడు పరుగెత్తి వెళ్ళిపోతున్నాడు.